మార్చుకునే వీలు ఎంత ఉండాలి? విశాఖలో సాఫ్ట్‌వేర్ కొనేవారికీ, రాసేవారికీ

"మీకెలా కావాలంటే అలా మార్చుకోవచ్చండి." డెమో చూపించేవాళ్ల నోట ఈ మాట రాకుండా ఉండదు. కొనేవాళ్లు ముందుగా అడిగేదీ అదే. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటరైనా, గాజువాక ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపైనా, ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల వ్యాపారమైనా ఇదే వరస. మార్చుకోవచ్చు సరే, మార్చేదెవరు? మార్చాక లెక్క తేడా వస్తే పట్టుకునేదెవరు? డెమో రోజున ఈ రెండూ ఎవరికీ గుర్తురావు. నన్నడిగితే ఎంపికలో సగానికి పైగా ఈ రెండు ప్రశ్నలతోనే తేలిపోతుంది. ఫీచర్ల పట్టిక తర్వాత చూసుకోవచ్చు.

చిన్న లెక్క ఒకటి చెబుతాను. ఒక సాఫ్ట్‌వేర్‌లో అవును, కాదు అని పెట్టుకునే సెట్టింగులు పది ఉన్నాయనుకోండి. అవన్నీ కలిసి 1,024 రకాలుగా ఉండొచ్చు. ఇరవై ఉంటే 10,48,576 రకాలు. ఇన్నిటినీ పరీక్షించి అమ్మడం ఎంత పెద్ద కంపెనీకైనా అయ్యే పని కాదు. ఎక్కువమంది వాడే కొద్ది రకాలే రోజూ నలిగి, లోపాలు తీరి ఉంటాయి. మీరు ఎవరూ ముట్టని సెట్టింగులు మూడు ఒకేసారి ఆన్ చేశారంటే, ఆ కలయికను ప్రపంచంలో మొదటిసారి పరీక్షిస్తున్నది మీ గుమాస్తా గారే కావచ్చు. వెసులుబాటుకు ఖర్చు ఉంటుందనేది అందుకే. ఆ ఖర్చు కొటేషన్‌లో కనిపించదు.

మన ఊళ్లో చిన్న, మధ్యతరహా వ్యాపారాల ముందున్న దారులు ఇంచుమించు ఐదు. ఎక్సెల్, ఫోన్‌లో నడిచే రెడీమేడ్ బిల్లింగ్ యాప్, టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, ఈఆర్‌పీనెక్స్ట్ లేదా ఓడూ లాంటి ప్లాట్‌ఫాం (కొనుగోలు, స్టాకు, ఖాతాలు అన్నీ ఒకేచోట నడుస్తూ, మనకు తగ్గట్టు మలుచుకోగలిగేది), చివరగా మన కోసమే ప్రత్యేకంగా రాయించుకోవడం.

అన్నిటికన్నా వంగేది ఎక్సెలే

ఎక్సెల్‌ను ఈ పోలికలో చేర్చకపోతే నిజం దాచినట్టే. వెసులుబాటులో దాన్ని మించింది లేదు. కొత్త కాలమ్ కావాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఎవరైనా, ఎక్కడైనా, ఏదైనా మార్చేయొచ్చు. ఫార్ములా ఉన్న గడిలో పొరపాటున అంకె కొట్టినా అది కిక్కురుమనదు. 2020లో ఇంగ్లండ్‌లో పాత రకం ఎక్సెల్ ఫైలు 65,536 వరుసలకు మించి పట్టకపోవడంతో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు కొన్నాళ్లపాటు లెక్కలోకి రాలేదు. దేశం స్థాయిలోనే అలా జరిగితే మన జీతాల షీటు ఎంత?

అయినా కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లకు మొదటి కొన్ని నెలలు ఎక్సెలే మేలు అంటాను. మీ పని ఏ రూపంలో స్థిరపడుతుందో మీకే ఇంకా తెలియదు. తెలియని పనికి సాఫ్ట్‌వేర్ రాయించడం దండగ. ఒకే ఫైలును ఇద్దరు తెరిచి "నీ దగ్గరున్నది కొత్తదా, నా దగ్గరున్నది కొత్తదా" అని అడుక్కునే రోజు వస్తే మాత్రం ఎక్సెల్ కాలం తీరిపోయినట్టే.

రెడీమేడ్ యాప్ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. కిరాణా, మందుల షాపు, టిఫిన్ సెంటరు, పూర్ణా మార్కెట్‌లో ఫ్యాన్సీ సామాన్లు, ఇలాంటి చోట్ల అందరి పనీ ఒకేలా ఉంటుంది. అది చెప్పిన పద్ధతికి మీరు అలవాటు పడటమే చవక. ఒక్కటి మాత్రం కొనేముందే చూసుకోండి. బిల్లు మీద తెలుగు కావాలంటే మీ దగ్గరున్న థర్మల్ ప్రింటర్ మీదే వేసి చూపించమనండి. ఆ ప్రింటర్లలో చాలావాటికి తెలుగు అక్షరాలు నేరుగా రావు, బొమ్మగా మార్చి పంపాల్సిందే. ఆ ఏర్పాటు యాప్‌లో లేకపోతే ఏ సెట్టింగూ కాపాడదు.

టాలీ: ఉన్న వెసులుబాటును దాచిపెట్టే తెలివి

బెంగళూరు కేంద్రంగా 1986లో మొదలైన టాలీ మన వ్యాపారుల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, అకౌంటెంట్ ఉద్యోగం అనగానే "టాలీ వచ్చా?" అని అడుగుతారు. ఎంపికలో ఇది చిన్న విషయమేమీ కాదు. ఉన్న మనిషి మానేస్తే అక్కయ్యపాలెంలోనో పెందుర్తిలోనో ఇంకొకరు దొరుకుతారు.

డాబాగార్డెన్స్‌లో ఎలక్ట్రికల్ షాపు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే వెసులుబాటు ఎక్కడ భారమవుతుందో కళ్లకు కడుతుంది. సేల్స్ ఎంట్రీలో పార్టీ పేరు కొట్టగానే ఒక పెట్టె తెరుచుకుంటుంది. సరుకు ఎవరి ద్వారా పంపారు, ఎక్కడికి, లారీ రసీదు నంబరెంత, బండి నంబరెంత అని అడుగుతుంది. ఫ్యానొకటి, బల్బులు రెండు కొన్న ఆయనకు బండి నంబరెందుకు? కుర్రాడు తెర వైపు చూడకుండానే కంట్రోల్ ఏ కొట్టేస్తాడు, అంటే ఉన్నదున్నట్టు సరే అనేస్తాడు. ఇంకో పెట్టె వస్తే మళ్లీ కంట్రోల్ ఏ. వెనకాల లైనులో ఉన్న పెద్దాయన "ఏటి బాబూ, ఫ్యాన్ ఇక్కడే తయారు చేస్తన్నారేటి?" అంటాడు. రోజంతా ప్రతి బిల్లుకూ ఇదే. అంతకన్నా ప్రమాదమేమిటంటే, అలా చూడకుండా కొట్టేయడం చేతికి అలవాటైపోతే, నిజంగా చూడాల్సిన పెట్టె వచ్చిన రోజున కూడా అదే వేగంతో దాటేస్తాడు.

మందు ఆ తెరలోనే ఉంది. ఎఫ్12 నొక్కి, డిస్పాచ్, ఆర్డర్ వివరాలు ఇవ్వాలా అన్న చోట కాదు అని పెడితే ఆ పెట్టె మళ్లీ రాదు. నిమిషం పని. 2020 నవంబరులో వచ్చిన టాలీ కొత్త రూపం టాలీప్రైమ్‌లో ఎఫ్11, ఎఫ్12 అనే సెట్టింగుల తెరలు ముందు కొన్ని సెట్టింగులే చూపిస్తాయి. మిగతావి కావాలంటే మనమే అడగాలి. నా దృష్టిలో ఇది మంచి డిజైన్. వెసులుబాటు ఎక్కడికీ పోలేదు, అవసరం లేనివాడి కంటికి అడ్డం రాలేదంతే.

టాలీ సెట్టింగులతో సరిపోనప్పుడు టీడీఎల్ అనే దాని సొంత భాషలో కోడ్ రాయించి అతికించుకోవచ్చు. బిల్లు ఫార్మాట్, అదనపు కాలమ్, ప్రత్యేక రిపోర్టు వంటివి ఊళ్లో ఉండే పార్ట్‌నర్లే చేసిపెడతారు. ఇక్కడ ఒక జాగ్రత్త. మీ చేతికి సాధారణంగా టీసీపీ అనే కంపైల్ చేసిన ఫైలే వస్తుంది, అంటే నడుస్తుంది గానీ తెరిచి మార్చలేం. అసలు కోడ్ రాసినవాళ్ల దగ్గరే ఉండిపోతుంది. రెండేళ్ల తర్వాత ఆ కుర్రాడు బెంగళూరు వెళ్లిపోతే చిన్న మార్పుకు కూడా మళ్లీ మొదటినుంచీ రాయించుకోవాలి. డబ్బిచ్చే ముందే సోర్స్ అడిగి తీసుకోండి. తర్వాత అడిగితే మొహమాటం, గొడవ.

రొయ్యల కౌంటు చెప్పే పాఠం

ప్లాట్‌ఫాం ఎప్పుడు అవసరమో చెప్పడానికి రొయ్యల కొనుగోలును మించిన ఉదాహరణ మన దగ్గర లేదు. వనామీ రొయ్య ధర కౌంటును బట్టి ఉంటుంది. కిలోకు 30 తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. రేటేమో రోజురోజుకీ మారుతుంది. తూకం వేసి లెక్కపెట్టేదాకా కౌంటు ఎంతో తెలియదు. మామూలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ "సరుకు ఒకటి, దానికి రేటు ఒకటి" అనే నమ్మకం మీద కట్టింది. ఇక్కడ ఆ నమ్మకమే చెల్లదు.

ఫోన్ యాప్‌లో అయితే ఒక్కో కౌంటును ఒక్కో సరుకుగా రాసుకుని, పొద్దున్నే రేట్లన్నీ చేత్తో మార్చుకోవాలి. పది రకాలే అయితే ఓపిక పట్టొచ్చు. టాలీలోనూ కౌంటుకో ఐటెం పెట్టి అన్నిటినీ ఒక గ్రూపు కింద చేర్చవచ్చు. పైగా ప్రైస్ లిస్టుకు తేదీ ఉంటుంది కాబట్టి నిన్నటి రేటు చెరిగిపోదు. కౌంటును 30, 40, 50 అని పదుల లెక్కకు సర్దుకుని కొనేవాళ్లకు ఇది చాలు. ఇంతకుమించి ఖర్చు పెట్టొద్దు.

తూకం 43 కౌంటు దగ్గర ఆగితే? 40కీ 50కీ మధ్య రేటు ఎలా కట్టాలన్నది ఒక్కో వ్యాపారిది ఒక్కో పద్ధతి. అక్కడ ఐటెంల చిట్కా చేతులెత్తేస్తుంది. ఈఆర్‌పీనెక్స్ట్‌లో అయితే కొనుగోలు లైనులో కౌంట్ అనే ఫీల్డును కోడ్ రాయకుండానే కలుపుకోవచ్చు. ఆ కౌంటు, ఆ రోజు తేదీ చూసి రేటు తెచ్చే స్క్రిప్టు కొద్ది లైన్లతో అయిపోతుంది. బిల్లు, స్టాకు, జీఎస్టీ, లెడ్జరు అన్నీ దాని సొంత పద్ధతిలోనే నడుస్తాయి. మార్పు ఒక్కచోటే. నేను మంచి వెసులుబాటు అనేది దీన్నే. మీ వ్యాపారం నిజంగా వేరుగా ఉన్న ఆ ఒక్క అంగుళంలో వంగాలి, మిగతా అంతా బిగువుగా ఉండాలి.

ఈఆర్‌పీనెక్స్ట్ ముంబైకి చెందిన ఫ్రాపే సంస్థది, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. మనం కలిపిన ఫీల్డులు డేటాబేసులో విడిగా ఉంటాయి కాబట్టి కొత్త వెర్షన్ వేసినా చెరిగిపోవు. ఓడూ బెల్జియం నుంచి వచ్చింది. చూపుకు ఇంపుగా ఉంటుంది, మాడ్యూళ్లు లెక్కలేనన్ని. కాకపోతే ఉచితంగా దొరికే కమ్యూనిటీ ఎడిషన్‌లో పూర్తి అకౌంటింగ్ ఉండదు. కోడ్ లేకుండా తెరలు మార్చుకునే స్టూడియో కూడా డబ్బు కట్టే ఎడిషన్‌లోదే. ఓడూకు ఏటా ఒక కొత్త వెర్షన్ వస్తుంది, చివరి మూడింటికే సపోర్టు. అంటే మీరు ఎంత ఎక్కువ మలుచుకుంటే ప్రతి అప్‌గ్రేడ్‌కూ అంత టెన్షన్. రెండిట్లో ఒకటి చెప్పమంటే, ఖాతాలే ముఖ్యమైన మన వ్యాపారాలకు ఈఆర్‌పీనెక్స్ట్ వైపే మొగ్గుతాను. వెబ్‌సైటు, ఆన్‌లైన్ అమ్మకం, కస్టమర్ ఫాలోఅప్ ప్రధానమైతే ఓడూ.

రెండిటికీ వర్తించే షరతు ఒకటుంది. మీ ఆఫీసులో ఒక మనిషికి దాని మీద పట్టు ఉండాలి. ప్రోగ్రామరే కానక్కర్లేదు. ఏ సెట్టింగు ఎందుకు మార్చామో నోటుబుక్కులో రాసి పెట్టే ఓపిక ఉన్నవాళ్లు చాలు. అలాంటి మనిషి లేకపోతే ప్లాట్‌ఫాం జోలికి వెళ్లకండి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

సొంతంగా రాయించుకోవడం

ఇది చాలామంది తొందరపడి ఎంచుకునే దారి. "ఆ సాఫ్ట్‌వేర్లన్నీ మనకి కుదరవు, మనకి మనమే చేయించుకుందాం" అంటారు. తీరా చూస్తే కుదరనిది ఒక్క తెర. దానికోసం లెడ్జరు, లాగిన్, బ్యాకప్, రిపోర్టులు అన్నీ కొత్తగా రాయిస్తారు. రాయించిన సాఫ్ట్‌వేర్‌కు మొదటి ఖర్చు ఎంతయినా, ఆ తర్వాత ఏటేటా వచ్చే చట్టం మార్పుల ఖర్చు పూర్తిగా మీ నెత్తినే. టాలీ వాడేవాళ్లు లక్షలమంది కాబట్టి ఆ ఖర్చు అందరికీ పంచబడుతుంది.

ఈ-ఇన్‌వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలన్న జీఎస్టీ నిబంధన సంగతే చూడండి. 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవరు దాటినవాళ్లతో మొదలైంది. 2021 జనవరిలో 100 కోట్లకు, ఏప్రిల్‌లో 50కి, 2022 ఏప్రిల్‌లో 20కి, అక్టోబరులో 10కి, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లకు దిగింది. మూడేళ్ల లోపే ఆరు మెట్లు. ఆ హద్దును కోడ్‌లో అంకెగా రాసిపెట్టిన ప్రతి ప్రోగ్రామరుకూ మెట్టు మెట్టుకూ ఫోన్ వచ్చి ఉంటుంది.

సొంతంగా రాయించుకోవాల్సింది ఒక్క సందర్భంలోనే. ఆ పద్ధతే మీ వ్యాపారం అయినప్పుడు, దాన్ని ఇంకొకరికి కూడా అమ్మగలిగినప్పుడు. అప్పుడైనా లెడ్జరు టాలీకి వదిలేసి, మీ ప్రత్యేకమైన పని వరకే రాయించండి.

రాసేవాళ్లకు కొంచెం

మధురవాడ, రుషికొండ వైపు ఇలాంటివి తయారుచేసే చిన్న టీములకు ఈ భాగం. క్లయింటు అడిగిందే తడవుగా ఒక సెట్టింగు పెట్టేయడం తేలిక. ఆయనతో వాదించక్కర్లేదు, "రెండూ పెట్టాం సార్, మీ ఇష్టం" అని తప్పించుకోవచ్చు. సెట్టింగు చాలాసార్లు మనం తీసుకోలేకపోయిన నిర్ణయమే. వెబ్‌సైట్లు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వాళ్లు "ఆప్షన్లు కాదు, నిర్ణయాలు" అనే సూత్రాన్ని బాహాటంగానే చెప్పుకుంటారు. అంత పెద్ద సాఫ్ట్‌వేర్ అలా నడుస్తోందంటే మన బిల్లింగ్ తెర నడవదా?

ఏది సెట్టింగు కావాలో తేల్చడానికి నేను చూసేది మూడు రకాల మార్పు. ప్రభుత్వం మార్చేవి తేదీతో సహా పట్టికలో ఉండాలి. వ్యాపారి తరచూ మార్చేవి, అంటే రేటు, డిస్కౌంటు, బిల్లు కింద రాసే మాట, ఆయన చేతికే ఇవ్వాలి. ఏడాదికోసారి కూడా మారనివి కోడ్‌లోనే ఉండనివ్వండి. అవసరం వచ్చిన రోజు మార్చవచ్చు. ఇద్దరు క్లయింట్లు అడిగేదాకా సెట్టింగు చేయొద్దు. ఒక్కరే అడిగారంటే అది ఆయన అలవాటు కావచ్చు.

తేదీతో సహా అని ఎందుకంటున్నానో 2025 సెప్టెంబరు 22 గుర్తున్నవాళ్లకు తెలుసు. సరిగ్గా నవరాత్రులు మొదలైన రోజు జీఎస్టీ రేట్లు మారాయి. 12, 28 శాతాల్లో ఉన్న చాలా సరుకులు 5కో 18కో వచ్చాయి. ఏసీ 28 నుంచి 18కి దిగింది. రేటును సరుకు పక్కన ఒక్క అంకెగా దాచుకున్న సాఫ్ట్‌వేర్‌లో 28 చెరిపి 18 రాస్తే ఆ రోజుకు పని జరిగిపోతుంది. వారం తర్వాత జగదాంబ దగ్గర షాపులో సెప్టెంబరు 15న కొన్న ఏసీ వాపసు వస్తుంది. వాపసుకు ఇచ్చే క్రెడిట్ నోట్ పాత బిల్లు ప్రకారం 28తో వేయాలి. సాఫ్ట్‌వేర్‌కు 28 అనే అంకే గుర్తులేదు. ఇక్కడ కావలసింది ఇంకో సెట్టింగు కాదు. "ఏ తేదీ నుంచి" అనే ఒక్క కాలమ్. తెర మీద ఏమీ పెరగకుండా వెసులుబాటు పెరిగే చోటు ఇది. ఇలాంటివి వెతకండి.

అసలు ఉండకూడని సెట్టింగులూ ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీ చట్టం కింద నమోదైన కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, ఎంట్రీలో ఏ మార్పు ఎప్పుడు జరిగిందో చూపే ఆడిట్ ట్రయిల్ తప్పనిసరి. దాన్ని ఆపే వీలు ఉండకూడదు. టాలీ దీనికోసమే ఎడిట్ లాగ్ అనే వేరే రకాన్ని తెచ్చింది. అందులో ఆడిట్ ట్రయిల్‌ను ఆపలేం. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే "అడ్మిన్‌కి అన్నీ మార్చే అధికారం ఇచ్చాం సార్" అని మురిపించే సొంత సాఫ్ట్‌వేర్ ఆడిటర్ గారి ముందు మిమ్మల్నే ఇరికిస్తుంది. ఒక్కరి సొంతంగా నడిచే ప్రొప్రయిటరీ షాపుకు ఈ నిబంధన లేదు.

ఇంకొకటి, డిఫాల్టులు, అంటే మనం ముట్టకముందు సెట్టింగులు ఉండే స్థితి. సెట్టింగు ఇచ్చినా ఎక్కువమంది దాన్ని ముట్టరు. కాబట్టి మొదటిరోజు అది ఏ స్థితిలో ఉందో, చాలా షాపుల్లో చివరిదాకా అదే స్థితిలో ఉంటుంది. డిస్పాచ్ పెట్టె కౌంటర్ అమ్మకానికి మొదటినుంచే మూసి ఉండాలి, ట్రాన్స్‌పోర్టులో పంపే హోల్‌సేల్‌కు తెరిచి ఉండాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "కౌంటర్ అమ్మకమా, హోల్‌సేలా?" అని ఒక్క ప్రశ్న అడిగితే మిగతా పదిహేను సెట్టింగులూ వాటంతట అవే సర్దుకునేలా రాయొచ్చు.

కొనేముందు

డెమో డేటా మీద చూడొద్దు. మీ కిందటి వారం బిల్లుల్లో బాగా చిక్కుగా ఉన్నవి కొన్ని తీసుకెళ్లి మీ మనిషి చేతే కొట్టించండి. సగం వాపసు వచ్చినది, ఒకే బిల్లులో రెండు రేట్లున్నది, అడ్వాన్సు సర్దుబాటు చేసినది. అమ్మేవాళ్లు కొడితే అన్నీ తేలిగ్గానే కనిపిస్తాయి.

మీ డేటా మొత్తం ఎక్సెల్‌గానో, ఇంకో సాఫ్ట్‌వేర్ చదవగలిగేలాగానో బయటకు వస్తుందా అని అడగండి. అడిగి ఊరుకోకుండా అప్పుడే తీయించి చూడండి. నెట్ లేకపోతే ఏమవుతుందో కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. క్లౌడ్ వద్దని కాదు. అసలు షాపే ఎగిరిపోతే డేటా మిగిలేది క్లౌడ్‌లోనే. బిల్లు మాత్రం నెట్ లేకుండా కూడా పడాలి, నెట్ వచ్చాక తనే సర్దుకోవాలి. ఈ ఒక్కటి ఉంటే మిగతా పది ఫీచర్లు లేకపోయినా నేను సర్దుకుంటాను.

మారే సమయం గురించి. ఖాతాలున్న ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఏప్రిల్ 1 నుంచి మొదలుపెడితే ఓపెనింగ్ బ్యాలెన్సులు శుభ్రంగా పడతాయి. దసరా, దీపావళి సీజన్‌లో కౌంటర్ మీద ఏదీ మార్చొద్దు, ఎవరు ఎంత డిస్కౌంటు ఇస్తామన్నా సరే. సముద్రపు వేట మీద ఆధారపడ్డ బోటు యజమానులకు, చేపల వ్యాపారులకు ఇంకా మంచి అవకాశం ఉంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. బోట్లు ఒడ్డునే ఉంటాయి, డీజిలు బిల్లులూ ఐసు లెక్కలూ ఉండవు, గుమాస్తాకు తీరిక. కొత్తదాంట్లో కిందటి నెలల బిల్లులు కొట్టి, పాతదాంతో పోల్చి చూసుకోవడానికి ఆ రెండు నెలలు సరిపోతాయి.